గంగాలమ్మ చూపించిన తెల్ల అవక్షేపం

వన్ టౌన్‌లోని ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గంగాలమ్మ ఇరవై రెండేళ్లుగా అటెండరు. వాళ్లది జాలరిపేట. భర్త, అన్న ఇప్పటికీ చేపల వేటకు వెళతారు. పదో తరగతి లెక్కల్లో తప్పడంతో ఆమె చదువు అక్కడే ఆగిపోయింది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, సీసం ఉన్న ద్రావణంలో పొటాషియం అయొడైడ్ చుక్కలు పడగానే నిండు పసుపు అడుగుకు దిగడం చూసి, కడుగుతున్న సీసా పక్కన పెట్టి నిలబడిపోయింది. అప్పటినుంచి కనిపించిన ప్రతి రంగునూ గుర్తుపెట్టుకుంది. రాగిది లేత నీలం, ఇనుముది తుప్పు రంగు, నికెల్‌ది గులాబీ ఎరుపు. సమీకరణాలు రాయడం రాదు గాని, పరీక్షనాళిక ఎత్తి చూపిస్తే అందులో ఏముందో చెప్పేస్తుంది.

మొన్న మార్చిలో ప్రాక్టికల్స్‌కు ఎగ్జామినరుగా త్రినాథరావు వచ్చారు. విద్యార్థులు కనిపెట్టాల్సిన లవణం స్ట్రాన్షియం నైట్రేట్. దాన్ని నీళ్లలో కరిగించి సిల్వర్ నైట్రేట్ కలిపితే ఏ అవక్షేపమూ రాకూడదు. కాని పన్నెండు మందీ తెల్లగా వచ్చిందనీ, క్లోరైడ్ ఉందనీ రాశారు.

"ఒకరిది చూసి ఒకరు రాశారు. ఎవరికీ మార్కులు వెయ్యను," అన్నారాయన.

ఇంద్రజ అనే విద్యార్థిని లేచింది. "నాకు కనబడిందే రాశాను సార్."

లెక్చరర్ శ్రీసత్య పిల్లల నాళికలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. గంగాలమ్మ చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"పిల్లలు తప్పు రాయనేదు సార్. నీళ్లల్లోనే ఏదో ఉంది. నాను సూపిత్తాను."

"నీకేం తెలుసమ్మా?"

"రంగులు తెలుసు సార్. ఒక్క నిమిషం సూడండి."

పిల్లలు వాడిన డిస్టిల్డ్ వాటర్ క్యానులోంచి ఒక నాళికలోకి, అప్పుడే సీలు తీసిన కొత్త సీసాలోంచి ఇంకో నాళికలోకి నీళ్లు తీసింది. లవణం వెయ్యలేదు. రెండింట్లోనూ నైట్రిక్ ఆమ్లం, ఆపైన సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసింది. సీసా నీళ్లు తేటగానే ఉన్నాయి. క్యాను నీళ్లు విరిగిన పాలలా తయారయ్యాయి. అందులో అమోనియా పోసి కదిపితే ఆ తెలుపు కరిగిపోయింది.

"క్లోరైడే," అన్నారు త్రినాథరావు మెల్లగా.

గంగాలమ్మ గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్‌ను అడిగింది. "ఎల్లాజీ, నిన్న నాను సెలవు కదా, క్యాను నింపింది ఎవులు?"

"నానే అక్కా. నీళ్లు అయిపోనాయని బోరు కాడ పట్టీసేను."

సముద్రం పక్కనున్న ఆ బోరు నీళ్ల ఉప్పదనం ఆ వీధిలో అందరికీ తెలుసు.

కొత్త నీళ్లతో పరీక్ష మళ్లీ పెట్టారు. పదకొండు మంది సరిగ్గా రాశారు. మిగిలిన ఒకరు స్ట్రాన్షియంను కాల్షియం అని పొరబడ్డారు. సాయంత్రం వెళ్లబోతూ త్రినాథరావు గంగాలమ్మ దగ్గర ఆగారు. "పొద్దున నేను తొందరపడ్డానమ్మా," అన్నారు.

"పరవాలేదు సార్. టీ తాగి ఎల్లండి," అందామె.

ఈ ఏడాది నుంచి ఫస్టియరు పిల్లలకు మొదటి ప్రాక్టికల్ క్లాసు శ్రీసత్య ఆమెకే వదిలేసింది. గంగాలమ్మ బల్ల మీద నాళికల స్టాండు సర్ది, గొంతు సవరించుకుంటుంది.

"ముందు వట్టి నీళ్లకి టెస్టు సేయండి. ఆ తరవాతే సాల్టు."