వెనక్కి తిరిగిన చిలుక

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాణ్ణయితే నా వృత్తిలో ఒక్క పూట కూడా నిలిచేవాణ్ణి కాదు. జగిత్యాలలో ఫోటో స్టూడియో పెట్టి ముసలివాణ్ణయ్యాను. పెళ్ళిళ్ళకు ఎన్ని ఫోటోలు తీశానో చావులకూ అన్ని తీశాను. కుర్చీలో కూర్చోబెట్టిన శవం తల పక్కకు వాలిపోతే నా చేత్తోనే సవరించాను. మూసుకున్న రెప్పను ఒక వేలితో ఎత్తిపట్టి, రెండో చేత్తో కెమెరా నొక్కాను. చుట్టూ ఏడ్చేవాళ్ళు బెదిరి వెనక్కి జరిగేవారు గాని నా చెయ్యి మాత్రం వణకలేదు.

ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. కింద రాసేది చదివి, ముసలాయనకు మతి తప్పిందని మీరు అనుకోకూడదు.

కెమెరాలన్నీ ఫోన్లలోకి దూరిపోయాక నా స్టూడియోలో మిగిలినవి ఒక కంప్యూటరు, డిస్కుల మీద నేరుగా అచ్చువేసే ఒక ప్రింటరు, నేను. పెళ్ళి వీడియోల డిస్కులకు లేబుళ్ళు తయారుచేసేవాణ్ణి. దానికి వెక్టర్ సాఫ్ట్‌వేర్ వాడతాం. అందులో బొమ్మ ఫోటోలా చుక్కలతో కాక, గీతలతో తయారవుతుంది. ఎంత పెంచినా చెదరదు. ఎన్నిసార్లు తిప్పినా అరగదు. నాకు అందుకే అదంటే ఇష్టం. ఫోటోలో వెలుతురు మోసం చేస్తుంది, నీడ మోసం చేస్తుంది. గీత మోసం చెయ్యదు, పెట్టిన చోటే ఉంటుంది.

ఈ మాట ఒకప్పుడు గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే కాస్త తడబడుతున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సరిత వచ్చింది. పుట్టినిల్లు సిరిసిల్ల, అత్తగారిల్లు కోరుట్ల. ఆమె పెళ్ళి వీడియో తీసింది నేనే కాబట్టి నన్ను కాకా అంటుంది. వాళ్ళ అమ్మ నాగవ్వ చనిపోయి ఏడాది కావస్తోంది. ఏడాది మాసికానికి వచ్చే చుట్టాలకు స్టీలు గిన్నెతో పాటు, అమ్మ పాటల డిస్కు కూడా పెట్టి ఇవ్వాలని ఆమె కోరిక. నాగవ్వ బీడీలు చుట్టుకుంటూ పాడేదట. సరిత చిన్నప్పుడు పక్కింటివాళ్ళ టేప్ రికార్డర్ తెచ్చి ఒక క్యాసెట్ నిండా ఆ పాటలు పట్టుకుంది. పాట వెనక తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు కూడా వినిపిస్తుంది.

"ఈ రోజులల్ల డిస్కు ఎవలు వెట్టుకుంటరు బిడ్డా? ఫోన్లకు పంపియ్యరాదు?" అన్నాను.

"ఫోన్ల పాట ఫోన్లనే పోతది కాకా. చేతుల పట్టుకునేటిది గావాలె. చుట్టాలది వట్టి పేరు, ఇది మా బాపు కోసం."

వాళ్ళ నాన్న రాజేశం మొదట చేమగ్గం నేశాడు. తర్వాత పవర్‌లూమ్ షెడ్డులో చేరాడు. ఆ మరమగ్గాల మోతలో ఏళ్ళ తరబడి నిలబడి, చెవులు పూర్తిగా పోయాయి. భార్య పోయినప్పటి నుంచి మాట కూడా పోయినంత పనయింది. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. ఎవరి ముఖం వైపూ చూడడు.

"బాపుకు పాట వినవడది. డిస్కు మీద బొమ్మ ఒక్కటే కనవడుతది. గా బొమ్మల మా అమ్మ ఉండాలె కాకా. చూసి ఒక్క మాటన్న మాట్లాడుతడేమోనని నా ఆశ" అంది.

అయితే ఫోటో ఇవ్వమన్నాను. నేను తీసిన పెళ్ళి క్యాసెట్టూ ఆల్బమూ ఎప్పుడో వానలో తడిసి పాడయ్యాయి. ఉన్నది ఓటరు కార్డు ఫోటో ఒక్కటే. దాన్ని చూపిస్తే రాజేశం "గీమె ఎవలో" అని బోర్లా తిప్పి పెట్టేశాడట. నిజమే, ఆ ఫోటోలో ఉన్నామెను నేను కూడా ఎవరికీ భార్య అనుకోలేకపోయాను.

అప్పుడు సరిత చీర సంగతి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో రాజేశం చేమగ్గం మీద భార్య కోసం ఒక చీర నేశాడు. అంచులో పిట్టల వరుస. అలాంటిది మళ్ళీ ఎవరికీ నేయలేదు. సరిత చిన్నప్పుడు పండగలకూ శుభకార్యాలకూ నాగవ్వ అదే కట్టేది. తర్వాత పెట్టెలో దాచుకుంది. చివరికి ఆమె కోరిక ప్రకారం అదే చీరతో సాగనంపారు. పోగు ముక్క కూడా మిగల్లేదు.

"పిట్టలంటే ఏం పిట్టలు?"

"చిలుకలు కాకా. అంచు పొడుగూత చిలుకలు. ఒకదాని ఎంబడి ఒకటి పోతుండె. చిన్నప్పుడు గా అంచు వట్టుకునే అమ్మ ఎనుక తిరిగేదాన్ని, నాకు తెల్వదా?"

ఆమె వెళ్ళగానే కూర్చుని ఒక్క ఊపులో చిలుకను గీసేశాను. మౌసు ఎత్తకుండా ముక్కు, మెడ, రెక్క, తోక. ఈ కథ ఎవరికి చెప్పినా ఇలాగే చెబుతాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను: నేను గీయలేదు. పెళ్ళికార్డు ఫైల్లో పెళ్ళికొడుకు పేరు మీద కూర్చుని ఉన్న చిలుకను తీసుకొచ్చాను. కాళ్ళ కింది కొమ్మ చెరిపేశాను. నా కళ అంతవరకే.

దాన్ని డిస్కు చుట్టూ అంచులా పేర్చడం తేలిక. తిరిగే ఇరుసును డిస్కు మధ్య రంధ్రం మీద పెట్టి, చిలుకను కొంచెం తిప్పి కాపీ చేసుకుంటూ పోతే చుట్టూ వరుస పడుతుంది. అన్నీ ఒకే వైపు చూస్తూ ఒకదాని వెనక ఒకటి వెళుతుంటాయి. ఈ వివరం గుర్తుపెట్టుకోండి. తిప్పడం వల్ల చిలుక తలకిందులు కావచ్చు, పక్కకు ఒరగవచ్చు. వరుసకు ఎదురు తిరిగి వెనక్కి మాత్రం చూడదు. అద్దంలో బొమ్మలా వెనక్కి తిరగాలంటే మిర్రర్ అనే మీట వేరే ఉంది. దాన్ని పనిగట్టుకుని నొక్కాలి.

మధ్యలో నాగవ్వ పేరు రాశాను. చుట్టాల లెక్కకు సరిపడా డిస్కులు అచ్చువేసి సరితకు పంపాను. మాసికానికి నన్నూ రమ్మంది. వెళ్ళాను.

సిరిసిల్లలో వాళ్ళ వాడలో అడుగుపెడితే మగ్గాల చప్పుడు అరికాళ్ళకు తెలుస్తుంది. ఆ చప్పుడులోనే భోజనాలు సాగుతున్నాయి. రాజేశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్లటి గడ్డం, చేతులు ఒళ్ళో. సరిత గిన్నెల దొంతరలో పైనున్న గిన్నెలోంచి ఒక డిస్కు తీసి ఆయన చేతిలో పెట్టింది. పెట్టి అక్కడే ఎదురుగా కూర్చుంది.

ఆయన మధ్యలో రాసిన పేరు చదవలేదు. డిస్కు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా జరుపుతూ పోయాడు. నేసిన గుడ్డలో తప్పు వెతికేవాళ్ళు అంచును అలాగే జరుపుతారు. జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగాడు. గోరుతో గీరాడు. కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత, చెవులు వినబడనివాళ్ళు మాట్లాడినట్టు వాడంతా వినిపించేలా అరిచాడు.

"గిది నీకెవలు చెప్పిన్రు?"

భోజనాల దగ్గర చేతులు ఆగిపోయాయి. నేను వంగి చూశాను. నాగవ్వ పేరు పక్కనే ఒక చిలుక వెనక్కి తిరిగి ఉంది. మిగతావన్నీ అటు వెళుతుంటే అదొక్కటి ఇటు చూస్తోంది.

నాకు సిగ్గేసింది. ఏదో పొరపాటు చేశానని, మిగతా గిన్నెల్లోని డిస్కులు గబగబా తీసి చూశాను. సరితా చూసింది. వాటిలో చిలుకలన్నీ ముందుకే ఉన్నాయి. వెనక్కి తిరిగిన చిలుక ఉన్నది ఆయన చేతిలోని డిస్కు మీద మాత్రమే.

ఏడాది తర్వాత రాజేశం నోరు విప్పి నాలుగు మాటలు చెప్పింది ఆ రోజే. చేమగ్గం మీద అంచు బొమ్మను నడిపించే కొయ్యపెట్టెను డాబీ అంటారు. నేస్తుండగా పోగు తెగితే, తెగిన చోటుదాకా పోవడానికి డాబీని వెనక్కి తిప్పుతారు. అతికాక మళ్ళీ ముందుకు తిప్పుకోవాలి. ఆ చీర నేస్తున్న రోజు కొత్త పెళ్ళాం వచ్చి మగ్గం పక్కన కూర్చుంటే, ఆ మాటల్లో పడి ఈయన తిప్పుకోవడం మరిచిపోయాడు. ఒక పిట్ట తిరగబడి పడింది. చూసుకుని డాబీని ముందుకు తిప్పేసరికి ఆ పిట్టను పూర్తిగా నేసేశాడు.

"తప్పు వడ్డదని చెప్తే నవ్వుతదని, కావాలనే ఏసిన అన్న. గవన్ని వాటి తొవ్వన అవి పోతయి, గిదొక్కటి నీ దిక్కు జూస్తదని చెప్పిన. నమ్మింది పిచ్చిది. ఎప్పుడు గట్టినా గా పిట్ట భుజం మీదికి వచ్చేటట్టు సదురుకుంటుండె."

ఇది అంటూ ఆయన నవ్వాడు. సరిత మాత్రం ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చీర అంచు పట్టుకుని పెరిగిన ఆమెకే ఆ సంగతి తెలియదు. ఇద్దరి మధ్య ఉన్న మాట అది. ఒకరు పోయారు. రెండో మనిషి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

డిస్కు మీద పడింది అచ్చం నాగవ్వ చీర అంచే. రెక్కకు రెక్క, ముక్కుకు ముక్కు.

జగిత్యాలలో బస్సు దిగి ఇంటికి పోలేదు. స్టూడియో తెరిచి ముందుగా ఫైలు చూశాను. అన్ని చిలుకలూ ముందుకే ఉన్నాయి. రంగులు తీసేసి ఉత్త గీతలు కనిపించేలా పెట్టి చూశాను. ముందుకే. కాగితం మీద అచ్చువేశాను. ముందుకే.

పంపే ముందు ప్రతి డిస్కునూ వెలుతురులో పెట్టి పరీక్షించానని చాలామందికి చెప్పాను. అది అబద్ధం. పైనున్న ఒకటో రెండో చూసి డబ్బాలో పెట్టేశాను. మా ఆవిడ సుశీల ఇది విని, "సక్కగ జూడక పంపి, ఇప్పుడు దయ్యం మీద వెడుతున్నవా?" అంది. ఆమె మాటలో న్యాయముంది. నమూనా కోసం మొదట ఒక డిస్కు విడిగా అచ్చువేసిన మాట నిజం. అప్పుడు చెయ్యి జారి ఒక చిలుకకు మిర్రర్ నొక్కానేమో, తర్వాత చూసి సరిచేశానేమో, డిస్కు పారేయబుద్ధి కాక కట్టలో కలిపేశానేమో. అలా చేసిన గుర్తు నాకు లేదు. చేయలేదని ఒట్టేసి కూడా చెప్పలేను.

కానీ చెయ్యే జారిందనుకుందాం. ఏ చిలుక మీదనైనా జారవచ్చు, పేరు పక్కనున్న దాని మీదే జారింది. ముక్కు వంకరపోవచ్చు, రంగు తప్పవచ్చు, అలా కాకుండా ఆయన మగ్గం మీద చేసిన తప్పే నా దగ్గర జరిగింది. ఆ డిస్కు ఏ చుట్టం ఇంటికైనా పోవచ్చు, పై గిన్నెలోకే వచ్చింది. వీటిలో ఏ ఒక్కటి అడిగినా జవాబు చెప్పగలను. మూడూ కలిపి అడిగితే చెప్పలేను.

పనిలో పనిగా ఇంకొకటి. శవాల రెప్పలెత్తి ఫోటోలు తీశానని మొదట్లో రాశాను. నేను చావులకు వెళ్ళింది చాలా తక్కువ. వెళ్ళినప్పుడు కూడా దర్వాజా దగ్గరే నిలబడి, దూరం నుంచి జూమ్ చేసి తీసేవాణ్ణి. తలలు సవరించింది వాళ్ళ చుట్టాలే. ఒక్క శవాన్నీ ముట్టుకోలేదు. నాకు భయం.

ఆ భయం ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది. ఆ ఫైలు కంప్యూటర్లోనే ఉంది. చెరపడానికి చెయ్యి రాదు, తెరవడానికీ రాదు. తెరిస్తే అన్నీ ముందుకే ఉంటాయని తెలుసు. ఉండకపోతే ఏం చెయ్యాలో తెలియదు.

అన్నిటికన్నా నన్ను తినేసింది వేరే సంగతి. రాజేశం ఆ రోజు నుంచి మనుషుల్లో పడ్డాడని, డిస్కును దిండు కింద పెట్టుకుంటున్నాడని సరిత ఫోన్‌లో చెప్పింది. ఆయన దాన్ని నాగవ్వే నా చేత పంపించిందనుకుని, నా పేరెత్తితే దండం పెడుతున్నాడట. నాకేమో అది నా పొరపాటేమో అని అనుమానం. పెళ్ళికార్డులోంచి ఎత్తుకొచ్చిన చిలుక అని చెప్పకుండా ఆయన దండం అందుకోవడం దొంగతనంలా ఉంది. చెబితే ఆయన మళ్ళీ మూగవాడైపోతే? ఆ పాపం ఎవరిది?

చివరికి ఇదంతా రాసుకుని, మొన్న సిరిసిల్ల తీసుకెళ్ళాను. చెబితే వినబడదు కాబట్టి కాగితాలు చేతికిచ్చాను. సరిత కోరుట్ల నుంచి వచ్చి ఉంది. వద్దన్నట్టు నా వైపు చూసింది. అప్పటికే ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

వేలు పెట్టుకుని ఒక్కో మాటే చదివాడు. పెళ్ళికార్డు చిలుక దగ్గర ఆగలేదు. చెయ్యి జారిందేమో అన్న చోటా ఆగలేదు. అంతా అయ్యాక కాగితాలు వెనక్కి తిప్పి, "రెక్కకు రెక్క, ముక్కుకు ముక్కు" అన్న చోట వేలు ఆనించి, వాడంతా వినిపించేలా అరిచాడు.

"చిలుకలెక్కడియయ్యా? నేనేసినయి హంసలు. గీ పిల్ల అప్పుడు మోకాలెత్తు లేదు, దానికేం ఎరుక? మెడ గట్ల ఉండది, ముక్కు గట్ల ఉండది, తోకైతే అసలే గట్ల ఉండది. నువ్వేసిన దాంట్ల ఒక్కటి సక్కగ లేదు ఫోటో సారూ. గా తిరుగుడు తప్ప."