పులికాటు బురదలో దిగిన రోజు

మా ముత్తాత జమీందారు, తాత తాలూకా బోర్డు అధ్యక్షుడు. రేవులో వారి కాలికి నీరంటకుండా పడవదాకా మనుషులు మోసేవారు.

అరవైల మొదట్లో, నా ఇరవయ్యో ఏట, ఒక వేసవిలో ఇరకం దీవి చూసి తడ రేవుకు తిరిగి వస్తుంటే పులికాటు సరస్సు నడుమ పడవ బురదలో దిగబడింది. మగవాళ్లందరూ దిగి నెట్టడం అక్కడి రివాజు. పడవలో ఆసుపత్రికి తీసుకెళ్తున్న నిండు చూలాలు నొప్పులతో మూలుగుతోంది. నేను మాత్రం ఇస్త్రీ పంచెతో బిగుసుకుని కూర్చున్నాను.

"మీకూ నొప్పులొచ్చినాయా సామీ?" అన్నాడు పడవవాడు. మూలుగుతున్న ఆమె కూడా నవ్వింది.

పంచె ఎగగట్టి దూకాను. భుజం ఆనించి నెట్టాను. పడవ కదిలింది. "గట్టోడివే అన్నా!" అని అందరూ అరిచారు.

రేవు చేరిన గంటకే ఆడపిల్ల పుట్టింది. ఆనాడు బురద కాళ్లతో నడిచినంత దర్జాగా మళ్లీ ఎన్నడూ నడవలేదు.

ఆ వేసవిలోనే తాతల ఆస్తిలో మాకు మిగిలిన ఆఖరి ఎనిమిదెకరాల మాగాణి కూడా అమ్మేశాం.