అరుణమ్మ గురువారాలు

పెళ్ళయి బీరంగూడ వచ్చిన ఇన్నేళ్ళలో అరుణమ్మ హోటల్లో అడుగుపెట్టలేదు. ఎవరూ వద్దనలేదు. రమ్మన్నవాళ్ళూ లేరు. భూమి కాగితాల పని మీద ఇంటిల్లిపాదీ సంగారెడ్డి వెళ్ళినప్పుడు కూడా భర్త లింగం, మరిది కలిసి ఆఫీసుకెదురుగా ఉన్న హోటల్లోకి దూరి, పూరీలు తిని మూతులు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. అరుణమ్మా, అత్త నర్సింహమ్మా బస్టాండు అరుగు మీద కూచుని మూటలోంచి జొన్నరొట్టె తీసుకునేవాళ్ళు. అది ఆమెకు బాధగా ఉండేది కాదు. ఎండాకాలం ఎండ కాసినట్టే అదీ ఒకటి అనుకునేది.

చేనులో సగం ప్లాట్లయిపోయాక, ఇంటి వెనక రెండు గదులు వేసి కిరాయికిచ్చారు. లింగం పటాన్‌చెరు అవతల ఒక పైపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. తొంభై మూడులో ఆ వెనక గదుల్లోకి తణుకు నుంచి కమలాకుమారి దిగింది. ఆమె భర్త కామేశ్వరరావుకు పక్కనే ఉన్న పెద్ద ప్లాంటులో ఉద్యోగం, షిఫ్టులు. కమలాకుమారికి మాట్లాడే మనిషి కావాలి, తినడానికి ఏదైనా కావాలి. ఈ రెండింటికీ ఆమెకు వేళాపాళా లేదు. వచ్చిన వారానికే అరుణమ్మను "వదినగారూ" అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు అరుణమ్మకు బియ్యంలో రాళ్ళు కనబడటం మానేశాయి. రోజూ ఒక రాయి లింగం పంటికింద పడుతుండేసరికి, సంగారెడ్డిలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. లింగానికి సెలవు దొరకలేదు. తోడు కమలాకుమారి వచ్చింది. డాక్టరు కళ్ళలో చుక్కల మందు వేసి, కొంచెంసేపు ఆగి రమ్మన్నాడు.

"ఇక్కడ కూచుని ఏం చేస్తాం వదినగారూ? ఆకలేస్తోంది. ఏదైనా తినొద్దాం రండి," అంది కమలాకుమారి.

"రొట్టె తెచ్చిన గద."

"రొట్టె ఎక్కడికీ పోదు లేండి."

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి ఒక టిఫిన్ హోటల్లోకి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళు కూచునే పరదా గది నిండిపోయిందని సర్వరు చెప్పాడు. కమలాకుమారి తటపటాయించకుండా హాలు మధ్యలో ఉన్న బల్ల దగ్గర అరుణమ్మను కూచోబెట్టింది. చుక్కల మందుకు అరుణమ్మ కళ్ళముందు అంతా అలుక్కుపోయినట్టుంది. చుట్టూ తెల్లచొక్కాలు మసకమసకగా కదులుతున్నాయి.

"ఎవరన్న మనల్ని సూస్తున్నరా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"అందరూ చూస్తున్నారు."

"నాకైతే ఎవ్వరు కనిపిస్తలేరు."

"మరింకేం. హాయిగా తినండి."

అలా అరుణమ్మ తన మొదటి హోటల్ దోసెను చూడకుండానే తిన్నది. అంచు ఎక్కడుందో వేలితో తడిమి పట్టుకుంది. విరిస్తే చప్పుడైంది. లోపల ఆలుగడ్డ కూర వేడిగా నాలుకకు తగిలింది. ఇంట్లో ఆమె కూడా దోసెలు పోసేది, కానీ పదిమందికీ పోసి పోసి తన వంతు వచ్చేసరికి పెనం చల్లారిపోయేది. ఖాళీ అయిన పళ్ళెం ఎవరో తీసుకుపోయారు. ఆ సర్వరే కాబోలు, "ఇంకేం కావాలమ్మా?" అని అడిగాడు. ఈ మాట ఇన్నేళ్ళుగా తను అందరినీ అడిగింది గానీ తనకు ఎదురుపడింది ఇప్పుడే. జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

"ఇంకోటి తే," అంది చివరికి.

తిరుగు బస్సులో డాక్టరు రాసిన కళ్ళద్దాల సంగతి కన్నా దోసె సంగతే ఎక్కువ మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత గురువారాలు మొదలయ్యాయి. కమలాకుమారికి గురువారం బాబా గుడికి వెళ్ళే అలవాటు. అరుణమ్మ కూడా వస్తానంది. గుడికి పోతున్నామని ఇంట్లో చెప్పడం అబద్ధమేమీ కాదు. గుడికి నిజంగానే వెళ్ళేవాళ్ళు, దండం పెట్టుకునేవాళ్ళు. అక్కణ్నుంచి ఎటు వెళ్ళేవాళ్ళో ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు.

పటాన్‌చెరు సంత దగ్గర పూరీలు తిన్నారు. ఇస్నాపూర్ చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ప్లాంటు గేటు దగ్గర గోదావరి వాళ్ళు నడిపే మెస్సులో ముక్కల పులుసు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని అరుణమ్మ చెయ్యి ఆపేసింది.

"కమలా, ఆ వడ్డించేటాయన్ని పిలువు. పాపం, ఎవరో సూసుకోలే. ఇందుల బెల్లం పడ్డది."

"పడలేదండీ. వేశారు."

"ఎందుకు?"

"మా వైపు అలాగే చేస్తారు."

అరుణమ్మ ఆమె వంక జాలిగా చూసి, మిగిలిన పులుసు మర్యాదకోసం తిన్నది. కమలాకుమారి కూడా ఊరుకోలేదు. మరుసటి వారం బియ్యప్పిండితో గట్టిగా కాల్చిన సర్వపిండి తినిపిస్తే, "రుచి బావుంది గానీ వదినగారూ, దవడలు రెండో జత కావాలి," అంది.

పాశమైలారం వైపు ఫ్యాక్టరీలకు వచ్చిన బిహారీల కోసం ఒకతను రోడ్డు పక్కన బొగ్గుల మీద పిండిముద్దలు కాల్చి, కాల్చిన వంకాయ చిదిమి పెట్టేవాడు. అతనికి తెలుగు రాదు, అరుణమ్మకు హిందీ సంతలో బేరమాడేంత వచ్చు. వంకాయ నాలుకకు రాసుకుని, "గిది మన వంకాయ తొక్కే. నూనె ఒక్కటే వేరు," అని తేల్చింది. చేయడం ఎవరు నేర్పారని చేతులు తిప్పుతూ అడిగితే, అతను పొయ్యి మీంచి తలెత్తకుండా "మా," అన్నాడు. అమ్మ అన్న ఆ ఒక్క మాటకు ఆమెకు తర్జుమా అక్కర్లేకపోయింది. ఇంకో ముద్ద పెట్టించుకుంది.

అన్నీ బాగున్నాయని కాదు. రుద్రారం దగ్గర ఒకచోట వడలు గోడకు కొడితే తిరిగొచ్చేట్టున్నాయి. సంగారెడ్డి కొత్త బస్టాండులో లస్సీ తాగి కమలాకుమారి రెండు రోజులు మంచం దిగలేదు. అయినా మంచం మీంచే, "వచ్చే గురువారం ఎటు?" అని అడిగింది.

పటాన్‌చెరు చౌరస్తాలో ఇరానీ హోటలొకటి మిగిలిపోయింది. అక్కడ షిఫ్టు దిగిన మగవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. బస్సులోంచి చూసినప్పుడల్లా అరుణమ్మకు ఆ పొగలు కక్కే కప్పుల మీదే కన్ను. ఒక గురువారం ఇద్దరూ గుండె చిక్కబట్టుకుని గల్లా దగ్గరికి వెళ్ళి నిలుచున్నారు. గల్లాలో కూచున్న సేఠ్ తికమకపడ్డాడు. ఫ్యామిలీ గది అని బోర్డయితే ఉంది కానీ, అందులో మైదా బస్తాలు పేర్చి ఉన్నాయి. మహబూబ్ అనే ముసలి సర్వరు నాలుగు బస్తాలు పక్కకు జరిపి, బల్ల దులిపి, "బైఠో అమ్మా," అన్నాడు.

చాయ్ వచ్చింది. వెంట ఉప్పు తీపి కలిసిన బిస్కెట్లు వచ్చాయి. అరుణమ్మ సాసర్లో పోసుకుని ఊది ఒక గుక్క తాగింది.

"మా ఆయన రోజు ఇంటికి ఆలస్యంగ వస్తడు. ఓవర్‌టైం అంటడు. ఇదన్న మాట ఓవర్‌టైం," అంది.

కమలాకుమారి పకపకా నవ్వింది. అరుణమ్మా నవ్వింది. గది పరదాకు అటువైపు బల్ల దగ్గర నలుగురు పనివాళ్ళతో కూచున్న లింగం చెవికి ఆ నవ్వు తగిలింది. ఏళ్ళ తరబడి విన్న నవ్వు. పక్కన కూచున్న యాదన్న, "లింగన్నా, వదినె గొంతు లెక్కున్నది గదనే," అన్నాడు. లింగం సగం కప్పు వదిలేసి లేచిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అతను చెప్పులు విడిచిన చప్పుడులోనే సంగతి తెలిసిపోయింది.

"ఇంట్ల తిండి లేదా నీకు?"

"ఉన్నది. నువ్వు తినేటిదే."

"తోటోళ్ళ ముంగట నేనేం ముఖం పెట్టుకోవాలె?"

"నీ ముఖం నాకేం కనబడలే. పరద అడ్డమున్నది."

ఆమె వెటకారంగా అనలేదు, ఉన్నమాట అంది. దాంతో లింగానికి ఇంకా మండింది. "ఇగ రేపటి సంది నాకు వండకు. నేను సుత బయటనే తింట," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అరుణమ్మకు ఆ రాత్రి గుడి పేరు చెప్పి వెళ్ళడం తప్పేనేమో అనిపించింది. చాయ్ తాగడం తప్పని మాత్రం ఎంత ప్రయత్నించినా అనిపించలేదు.

మర్నాడు లింగం నిజంగానే బయట తిని వచ్చాడు. మంచం మీద కూచుని, ఆమె అలుగుతుందనో ఏడుస్తుందనో ఎదురుచూశాడు. అరుణమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఏం తిన్నవ్?"

"ఏదో తిన్న."

"గదే, ఏందది?"

"బొంబాయి రోడ్డు మీద పంజాబోళ్ళ ధాబా. రొట్టె, పప్పు."

"పప్పు ఎట్లుండె? మన పప్పు లెక్కనేనా?"

లింగం ఆమె కళ్ళల్లో ఎత్తిపొడుపు కోసం వెతికాడు, దొరకలేదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"మన లెక్కుండది," అన్నాడు చివరికి. "నల్ల మినుములు. రాత్రంత పొయ్యి మీదనే ఉంచుతరట. చిక్కగుంటది. పైన వెన్న ఏస్తరు."

"చింతపండు పోస్తరా?"

"పొయ్యరు. అల్లం మస్తుగ ఏస్తరు. రొట్టె అయితే పొయ్యి లోపలి గోడకు కొడ్తరు, ఊచతోని గుంజి తీస్తరు. నేను పొయ్యి కాడికి పోయి సూసిన."

"లోపలి గోడకా? చెయ్యి కాలదా?"

"గదే నేను సుత అడిగిన," అన్నాడు లింగం, మంచం మీంచి ముందుకు జరుగుతూ. రొట్టె ఎలా కొడతారో గాలిలో చెయ్యి ఆడించి చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ తను కోపంగా ఉన్న సంగతి మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

"నువ్వు ఆడికి పోలేదా ఇంక?" అని అడిగాడు.

"లారీలోళ్ళు ఉంటరని కమల జంకింది."

"ఆదివారం నేను తోల్కపోత."

అప్పటిదాకా మూలన మంచంలో నిద్రపోతోందనుకున్న నర్సింహమ్మ, "నేను సుత వస్త," అంది.

ఆదివారం అందరూ బస్సెక్కి ధాబాకు వెళ్ళారు. కామేశ్వరరావుకు కూడా ఆ రోజు సెలవే. లారీ డ్రైవర్లు జరిగి వాళ్ళకు రెండు నులక మంచాలు వదిలారు. కామేశ్వరరావు చేతిరుమాలు పరుచుకుని కూచున్నాడు. అరుణమ్మ నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, రొట్టె గోడకు అంటుకునేదాకా నిలబడి చూసి వచ్చింది. నర్సింహమ్మకు పళ్ళు లేవు. రొట్టె పప్పులో నానబెట్టుకుని కొంచెం చప్పరించి పక్కన పెట్టేసింది.

"ఎట్లున్నదమ్మా?" అన్నాడు లింగం.

"నాకు గిదంత గాదు బిడ్డా. సంతల జిలేబి కావాలె."

అందరూ ఆమెవైపు చూశారు. నర్సింహమ్మ తాపీగా చెప్పింది. వయసులో ఉన్నప్పుడు వంకాయల గంప నెత్తిన పెట్టుకుని పటాన్‌చెరు సంతకు పోయేదట. సంత అయ్యాక లింగం తండ్రి పిల్లలకోసం జిలేబి పొట్లం కట్టించేవాడట. ఇంటిదాకా అది మోసేది తనే. పాకం కారి కొంగు బంకబంకగా అయ్యేది.

"మోసుడే గని తిన్నది లేదు. పొట్లం విప్పంగనే మీరు కాకుల లెక్క ఎగబడుదురు," అంది కొడుకుతో.

లింగం నెత్తి గోక్కున్నాడు. ఆ పొట్లాలు అతనికి బాగానే గుర్తు.

గురువారం ముగ్గురు ఆడవాళ్ళూ సంతలో మిఠాయి దుకాణం ముందు బల్ల మీద కూచున్నారు. కమలాకుమారి వేడి జిలేబి పాలల్లో నానబెట్టించి ఆ గిన్నె ముసలామె చేతికిచ్చింది. నర్సింహమ్మ చెంచా పక్కన పెట్టి వేళ్ళతోనే తీసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించింది. ఏమంటుందోనని అరుణమ్మ ముందుకు వంగి చూస్తోంది.

"గింతేనా," అంది నర్సింహమ్మ.

అలా అని గిన్నె వదలలేదు. పాలు కూడా తాగేసి, పెదాలు తుడుచుకుని, ఎదుటి బండివైపు గడ్డం ఊపింది. "గాడ ఏం ఏంచుతున్నరు?"

మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు ఆమె గురువారాలు మానలేదు. ఇంట్లో ఇప్పుడు గుడి పేరు చెప్పవలసిన పని లేదు. లింగమే ఫ్యాక్టరీలో నలుగురినీ అడిగి, గడ్డపోతారం దగ్గర ఫలానా ఆమె గారెలు బాగా చేస్తుందట అని వార్తలు మోసుకొచ్చేవాడు. ఇరానీ హోటల్లో మహబూబ్ వీళ్ళు కనబడగానే బస్తాలు జరిపేవాడు. కొన్నాళ్ళకు వేరే ఆడవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. బస్తాలు గదిలోంచే వెళ్ళిపోయాయి.

రెండువేల నాలుగు నాటికి కమలాకుమారి వాళ్ళు అమీన్‌పూర్ వైపు సొంత ఇల్లు కట్టుకున్నారు. బీరంగూడలోనే గల్లీకొక టిఫిన్ సెంటరు, మూలకొక బేకరీ వెలిశాయి. బళ్ళ ముందు ఆడపిల్లలు నిలబడి పానీపూరీ తింటుంటే తలతిప్పి చూసేవాడు లేడు. అరుణమ్మకు షుగరు వచ్చింది. డాక్టరు వద్దన్నవి చాలా ఉన్నాయి. వాటి విషయంలో ఆమెకూ ఆయనకూ సరిగ్గా పడలేదు.

ఒక గురువారం సాయంత్రం ఇద్దరూ బీరంగూడ కమాను దగ్గర కొత్తగా వెలిసిన నూడుల్స్ బండి ముందు నిలబడ్డారు. బండివాడు మంట ఎగరేసి గిన్నె ఆడించి, ప్లేటులో పోసి, ముళ్ళ చెంచా గుచ్చి ఇచ్చాడు. అరుణమ్మ అది చుట్టబోతే జారింది, ఎత్తబోతే తెగింది. చెంచా వదిలేసి చేత్తో ఒక ముద్ద తిన్నది.

"ఎలా ఉంది వదినగారూ?"

అరుణమ్మ ఇంకో ముద్ద తిని ఆలోచించింది. "సేమియల ఎవరో చాయ్‌పత్త పోసినట్టున్నది."

"పడేద్దామా?"

"పడెయ్యకు. తినంగ తినంగ మంచిగైతదేమో సూద్దాం," అని ప్లేటు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, కమలాకుమారి మోచెయ్యి పట్టుకుంది. "ఇంక పొద్దున్నది. గా అవుతలి బండి కాడ మంది మస్తున్నరు. ఏం చేస్తున్నరో సూద్దాం పా."

ఇద్దరూ లారీలు పోయేదాకా ఆగి రోడ్డు దాటారు.