ఆది లేని జాకెట్టు

"ఆది జాకెట్ ఇయ్యమంటే ఇయ్యవేందే? ఎన్నిసార్లు అడగాలె?"

"ఏ ఆది ఇయ్యాలమ్మా? బీరువ నిండ జాకెట్లే. ఒక్కటి కూడ నాకు పట్టది. చెప్పిన గదా."

"పట్టకుంటే పట్టనట్టే ఇయ్యి. జర వదులు చేసి కుడత. నలభై ఏండ్ల సంది కుడుతున్న, నాకు తెల్వదా?"

"వదులు చేస్తే అయిపోతదా? ఒక పక్క వదులు, ఒక పక్క బిగువు. ఆది లేకుండ కుట్టు."

"ఆది లేకుండ ఎట్ల కుడతరే? గాల్లకెల్లి కోస్తనా?"

"అంటే నీకు కుట్టుడు రాదన్నట్టే. సూసి రాసుడే వచ్చు నీకు. మా క్లాసుల పక్కోని పలక సూసి రాసే పోరగాండ్ల లెక్క."

మిర్యాలగూడలో నా బిడ్డ ఇంట్లో, ఎండాకాలం సెలవుల్లో, వంటింటి గడప మీద కూర్చుని మేమిద్దరం అనుకున్న మాటలివి. అల్లుడు రైస్ మిల్లుకు పోయాడు. మనవరాలు హాస్టల్లో ఉంది. మధ్యలో అడ్డం వచ్చేవాళ్లు లేకపోతే తల్లీబిడ్డల మాటలు ఎంత దూరమైనా పోతాయి.

నా బిడ్డ త్రిపురారం దగ్గర సర్కారు బడిలో పంతులమ్మ. అంతకు ముందు సంవత్సరం కుడి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి ఆ రొమ్ము మొత్తం తీసేశారు. తర్వాత మందులెక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ప్రాణం దక్కింది. చంకలో గడ్డలు కూడా తీసినందువల్ల కుడి చెయ్యి పైభాగం వాచిపోయి అట్లాగే ఉండిపోయింది. ఏడాదంతా నైటీ వేసుకుని, మీద తువ్వాల కప్పుకుని ఇంట్లోనే కూర్చుంది. సెలవు అయిపోయింది. బడి తెరవగానే మళ్ళీ చేరాలి. పైట ఎడమ భుజం మీద నుంచి పోతుంది కాబట్టి ఎడమ వైపు ఏమున్నా కనబడదు. కుడి వైపు కనబడుతుంది. అంగడిలో దొరికే సాగే జాకెట్లు వేసి చూసింది. ఒక పక్క సంచిలా వేలాడాయి. ఊళ్ళో దర్జీ దగ్గరికి పొమ్మంటే చచ్చినా పోనంది.

"జాకెట్ కుదరకుంటే నేను బడికి పోను. ఇగ రాజీనామా రాసిస్త" అని ఆ రోజు పొద్దున అన్నది. నా భయమంతా అక్కడే ఉంది. ఏడాది కూర్చున్న మనిషి ఇంకో ఏడాది కూర్చుంటే ఆ తువ్వాల మరి తియ్యదు.

మా వైపు ఆడవాళ్లు దర్జీకి కొలతలు ఇవ్వరు. ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి ఇస్తారు. దాన్నే ఆది అంటాం. బట్టను సగానికి మడిచి, ఆదిని దాని మీద పరిచి, సబ్బుముక్కతో చుట్టూ గీసి, కుట్టుకు జాగా వదిలి కోస్తే రెండు ముక్కలూ ఒకేసారి వస్తాయి. గుడ్డ మిగులుతుంది, టైమూ మిగులుతుంది. ఎవరి ఒంటినీ ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. సూర్యాపేటలో మా గల్లీలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు నేను అట్లా కుట్టినవే. ఆది సరిగ్గా ఉంటే జాకెట్టు సరిగ్గా వస్తుంది, ఆదిలో తప్పుంటే ఆ తప్పు కూడా వస్తుంది. నా బిడ్డ అన్న మాట నిజమే. నేను చూసి రాసేదాన్నే. నిజం కాబట్టే రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

మూడో రోజు సూర్యాపేట వచ్చేసి, కాగితం మీద గీసి కోయడం ఎక్కడ నేర్పిస్తారని ఆరా తీశాను. మా ఊళ్ళోనే ఉన్నారు. కానీ నా దగ్గర జాకెట్లు కుట్టించుకున్న వాళ్ళ కోడళ్ళ పక్కన కూర్చుని ఓనమాలు దిద్దలేను. అందుకని కోదాడ పోయాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. ఆధార్ కార్డు చూపిస్తే బస్సులో టికెట్టు ఊరికే. చివ్వెంల దాటేదాకా సీటు దొరికేది కాదు, నిలబడే పోయేదాన్ని.

బస్టాండు వెనక సందులో మేడ మీద ఒకావిడ నేర్పేది. నా బిడ్డ కంటే చిన్నది. పదిమంది ఆడపిల్లలు చాప మీద కూర్చుని గీస్తున్నారు. నేను వెళ్ళి గోడవార కూర్చోగానే ఒక పిల్ల పళ్ళికిలించింది.

"పెళ్ళిచూపులేమన్నా ఉన్నాయా అమ్మమ్మా, ఇప్పుడు కుట్టు నేర్చుకుంటున్నావ్?"

"ఉన్నయి. నిన్ననే మీ తాతను సూసొచ్చిన. నచ్చలె" అన్నాను.

ఆ తర్వాత ఆ పిల్ల నా జోలికి రాలేదు. మూడో రోజు నుంచి తన పక్కన నాకు చోటు ఉంచేది.

గీయడానికి గోధుమరంగు కాగితం కొనుక్కోమన్నారు. నేను కొనలేదు. ఇంట్లో పాత క్యాలెండర్లు దాచి ఉంచాను, వాటి వెనక వైపంతా తెలుపే. తిథులూ నక్షత్రాలూ కిందికి పెట్టి, తెల్ల వైపు మీద గీశాను. కుట్టు నేర్పే పంతులమ్మ చూసి నవ్వింది కానీ వద్దనలేదు. "కాగితం చెడితే ఇంకో కాగితం పెద్దమ్మగారూ. బట్ట చెడితే ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకే ముందు దీని మీద" అన్నది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చినా ఆచరించలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను మూడో తరగతి మధ్యలో మానేసినదాన్ని. ఛాతీ కొలత ముప్పై నాలుగు అయితే దాన్ని నాలుగు భాగాలు చెయ్యమన్నప్పుడు ఆడపిల్లలు ఫోన్లు తీశారు. నేను టేపును ముప్పై నాలుగు దగ్గర పట్టుకుని సగానికి మడిచాను, మళ్ళీ సగానికి మడిచాను. ఎనిమిదిన్నర. పంతులమ్మ నా చేతిలో టేపు తీసుకుని, "ఇదిగో, ఫోన్లు పక్కన పెట్టి ఇలా చెయ్యండి" అని అందరికీ చూపించింది.

భుజం, మెడ లోతు, చంక గుండ్రం, నడుం పట్టీ ఒక్కొక్కటే వచ్చాయి. డాటు దగ్గరికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. బట్టను కోణంగా మడిచి కుడితే అదే డాటు. ఎన్ని వందల డాట్లు వేశానో లెక్కలేదు. ఆదిలో ఉంది కాబట్టి వేశాను. ఎందుకు వేస్తామో ఆ మేడ మీద తెలిసింది. చదునుగా ఉన్న బట్టకు ఉబ్బు రావాలి, రొమ్ముకు జాగా కావాలి, అందుకని డాటు. జాగా అవసరం లేని చోట డాటు అవసరం లేదు. అంత చిన్న సంగతి అర్థమైన రోజు నాకు తిండి సయించలేదు. తెచ్చుకున్న సద్ది తెచ్చుకున్నట్టే ఇంటికి మోసుకుపోయాను.

చివరి వారం అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగాను. "రెండు పక్కలు ఒక తీరు లేకుంటే ఎట్ల గీయాలె?"

"ఎవరికీ పూర్తిగా ఒకేలా ఉండవండీ, ఎంతో కొంత తేడా ఉంటుంది."

"కొంత కాదు. ఒక పక్క అసలుకే లేదు."

ఆవిడ నా మొహం చూసింది. ఎవరికని అడగలేదు. "ఎప్పటికి కావాలండీ?" అని మాత్రం అడిగింది. బడి తెరిచే నాటికన్నాను. ఆ మధ్యాహ్నమంతా నాకోసం కూర్చుంది. మెడ గుంట నుంచి నడుము దాకా మధ్యగీత గీసుకుని, అక్కడి నుంచి పక్క కుట్టు దాకా ఎడమ వేరుగా, కుడి వేరుగా కొలవమంది. రెండు వైపులకు రెండు కాగితాలు, రెండు చేతులకు రెండు కాగితాలు. "ముందు పాత బట్టతో కుట్టి వేసి చూడండి. ఇంకో సంగతి పెద్దమ్మగారూ, బట్ట మడత పెట్టొద్దు. ఒంటి పొర మీద విడివిడిగా కోయండి" అని రెండుసార్లు చెప్పింది.

బడి సోమవారం తెరుస్తారనగా శనివారం పొద్దున మిర్యాలగూడలో దిగాను. బిడ్డ నా సంచిలోంచి క్యాలెండర్ చుట్టలు తీసి చూసి, "గివేంది?" అన్నది.

"కోదాడల నేర్చుకున్న. నైటీ ఇప్పు, కొలత తీస్త."

బిడ్డ చుట్టలు చాప మీద పెట్టింది. తర్వాత లేచి తలుపు గడియ పెట్టింది.

ఆపరేషన్ అప్పుడు దవాఖానలో ఉన్నది నేనే. కానీ కట్లు మార్చేటప్పుడు బయటకు పోయి నిలబడేదాన్ని. ఏడాదిలో బిడ్డ ఆ చోటు చూపించలేదు, నేను అడగలేదు. అదే మొదటిసారి చూడటం. అక్కడ చంక నుంచి మధ్య దాకా ఏటవాలుగా ఒక గీత ఉంది. మిగిలినదంతా వీపులా చదునుగా ఉంది. టేపు పట్టుకున్నాను కానీ ఎక్కడ ఆనించాలో తెలియలేదు.

"ఏం సూస్తున్నవమ్మా?"

"అంకె సూస్తున్న."

"అంకె గాడ లేదు. టేపు మీద ఉంది."

ఎడమకు తొమ్మిదిన్నర వచ్చింది, కుడికి ఏడున్నర. కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే అంగుళమున్నర లావు. అంకెలు తనే రాసుకుంది, బోర్డు మీద రాసినట్టు పెద్దగా. లోపల దూది పెట్టుకోవడానికి చిన్న జేబు కుట్టనా అని అడిగితే, "నాకు దూది గీది వద్దు. ఎట్లున్ననో గట్లనే కుట్టు" అన్నది.

కాగితాలు గీశాను. పెద్ద అక్షరాలతో కుడి అనీ ఎడమ అనీ రాశాను. బీరువాలో పాలపిట్ట రంగు చీర ఒకటి ఉంది, జబ్బు బయటపడక ముందు కొన్నది, ఒక్కసారి కూడా కట్టలేదు. దాని జాకెట్టు ముక్క తీశాను.

"పాత దుప్పటి ఉంది గదా, ముందు దాంతోని కుట్టి సూడు" అన్నది బిడ్డ.

"మంచి దుప్పటి సింపుడెందుకు? కాగితం ఉండంగ రెండుసార్లు ఎవరు కుడతరు?"

వీపు ముక్క కోశాను. చేతులు కోశాను. అవి బాగానే వచ్చాయి. ముందు ముక్కల దగ్గరికి వచ్చాక నా చేతులు నన్నడగలేదు. బట్టను సగానికి మడిచాయి, కాగితం పరిచాయి, సబ్బుముక్కతో గీశాయి, కత్తెర ఆడించాయి. కాగితం ఎత్తితే కుడి అని ఉంది. ఎడమ అని రాసిన కాగితం చాప మీద అట్లాగే ఉంది. రెండు ముక్కలూ ఏడున్నరే వచ్చాయి. పెద్దదైతే కోసి చిన్నది చేయొచ్చు. దీన్నేం చేస్తాం?

బిడ్డ వచ్చి రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది.

"ఎడమ దిక్కు కూడ తీసేసినవా అమ్మా?" అన్నది.

నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. ముక్కలు చాప మీద పెట్టి లోపలికి పోయింది. "ఇగ వద్దులే. హెడ్మాస్టర్ సారుకు ఫోన్ చేసి రానని చెప్త" అన్న మాట మాత్రం వినబడింది. దుప్పటికి ఆశపడి దాని కొలువు కోసిపారేశాననిపించింది.

ఆదివారం తెల్లవారగానే ఆ దుప్పటే తీసి పరిచాను. మడత లేకుండా పరిచి, నాలుగు మూలలా నాలుగు గిన్నెలు బరువు పెట్టాను, చేతులు మళ్ళీ మడవకుండా. కుడి కోశాను. కాగితం చూసుకుని ఎడమ కోశాను. పెద్ద కుట్లు వేసి బిడ్డను పిలిచాను.

"ఏసుకో."

"వద్దన్న గదా అమ్మా."

"దుప్పటి సింపిన. నువ్వు ఏసుకోకుంటే అది దండగ."

వేసుకుంది. గోడ దగ్గర నిలబెట్టి, చెయ్యెత్తి రాయమన్నాను.

"ఏం రాయాలె?"

"బడిల మొదాలు ఏం రాస్తవో అది."

"తేదీ రాస్త" అని కుడి చెయ్యి ఎత్తింది. చెవి దాకా వచ్చి ఆగింది. చంకలో బట్ట పట్టేసింది. విప్పించి, అక్కడ అరంగుళం లోతు చేసి, కాగితం మీద కూడా దిద్దుకుని, మళ్ళీ వేయించాను. ఈసారి చెయ్యి తలపైకి పోయింది. గోడ మీద వేలితో ఏదో రాసింది. ఏం రాసిందో నేను అడగలేదు.

జాకెట్టు ముక్క పాడైంది కాబట్టి ఇక చీరే కోయాలి. కుచ్చిళ్ళకు ముందు నడుములో దోపుకునే కొస ఎవరికీ కనబడదు. అక్కడ గజం లోపు కొలిచి కత్తెర పెట్టాను. కొత్త చీరకు నేను కత్తెర పెట్టడం అదే మొదలు.

"చీర కోస్తున్నవా? నువ్వా?" అన్నది బిడ్డ గుమ్మంలోంచి.

"చుట్టు తక్కువైతది."

"సన్నగైన గదా. సరిపోతది" అన్నది.

పొద్దు గూకేలోగా హుక్కులు కూడా కుట్టి, ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకు తగిలించాను. బిడ్డ వేసుకుని చూడలేదు. సోమవారం పోతానని అనలేదు, పోననీ అనలేదు. లోపలి గదిలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. ఎవరితోనని అడిగితే హెడ్మాస్టరే అంటుందేమోనని అడగలేదు. అన్నం తినేటప్పుడు కుర్చీ వైపు చూడకూడదనుకుంటూ నాలుగైదు సార్లు చూశాను.

సోమవారం పొద్దున నేను బోళ్ళు తోముతుంటే బిడ్డ చీర కట్టుకుని బయటకు వచ్చింది. హుక్కులు తనే పెట్టుకుంది. కుడి చంక కింద చిన్న ముడత ఉంది. నాకు కనబడింది, దానికి చెప్పలేదు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. బస్సుల దగ్గరికి నేనూ వెంట నడిచాను. త్రిపురారం పోయే బస్సు నిండుగా ఉంది, సీటు లేదు. ఎక్కి లోపలికి జరిగి, కుడి చెయ్యెత్తి పైన కడ్డీ పట్టుకుంది. బస్సు పోయింది. నేను ఇంటికి వచ్చి చాప మీద ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాను.