మూడు షిఫ్టుల బాతులు

నా పదవీ విరమణకు రెండు నెలలు ఉందనగా, నవంబరు ముప్పయ్యో తేదీన, నన్ను మా ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారయ్యే మిల్లు తనిఖీ విభాగం నుంచి పర్యావరణ విభాగానికి మార్చారు. హోదా అదే, సీనియర్ మేనేజర్. కుర్చీ మాత్రం మారింది. రిటైరయ్యే మనిషిని చివర్లో ఇలా పక్కకు జరిపితే కొందరు నొచ్చుకుంటారు, కొందరు గౌరవం అనుకుంటారు. నేను గౌరవమే అనుకున్నాను.

భిలాయికి ఉత్తరాన ఉన్న పాత జలాశయాన్ని పక్షుల రిజర్వు చేసి అప్పటికి ఏడాది అయింది. దాన్ని చూసుకోవడానికి ఒక కమిటీ ఉండేది. చలికాలం రాగానే ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో బాతులు అక్కడ దిగుతాయి. వాటిని లెక్కపెట్టి కమిటీకి నివేదిక ఇవ్వడం మా విభాగం పని. మా చీఫ్ జనరల్ మేనేజర్, అంటే విభాగానికి పెద్దాయన, నా ఫైలు తిరగేసి, ముప్పై ఐదేళ్లు పట్టాలు తనిఖీ చేసినవాడికి బాతులు ఒక లెక్కా అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అప్పటిదాకా నేను దగ్గర నుంచి చూసిన పక్షి, మా సెక్టార్ మార్కెట్లో తూకానికొచ్చే కోడి ఒక్కటే.

తనిఖీ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. పట్టా కొలతలు సరిగా ఉన్నాయా, ఒంటి మీద గీత, పగులు, గుంట ఏమైనా ఉన్నాయా చూసి, బాగుంటే ముద్ర వేసి పంపుతాం. లోపం కనబడితే రిజిస్టరులో రిమార్కుల గడిలో రాస్తాం. ఎ షిఫ్టులో ఇన్ని, బి షిఫ్టులో ఇన్ని, సి షిఫ్టులో ఇన్ని అని రాసుకుని మూడూ కూడితే ఆ రోజు ఉత్పత్తి. ఈ కూడికలో ఏనాడూ తేడా రాలేదు. ఎందుకంటే ఎ షిఫ్టులో బయటికి వెళ్లిన పట్టా బి షిఫ్టులో మళ్లీ నడుచుకుంటూ వచ్చి మన ముందు నిలబడదు.

బాతుల లెక్కకు నేను ఇదే ఫారం తయారు చేశాను. చీకట్లో బాతులు కనబడవు కాబట్టి నైట్ షిఫ్టు రద్దు చేసి, తెల్లవారుజామును ఎ షిఫ్టుగా, మధ్యాహ్నాన్ని బి షిఫ్టుగా, సాయంత్రాన్ని సి షిఫ్టుగా పెట్టాను. కుడివైపు చివర మొత్తం గడి. ఆ ఫారం చూసి నేనే ముచ్చటపడ్డాను.

నాకు తోడు అప్పలనాయుడు. సీనియర్ టెక్నీషియన్, నాకంటే నాలుగేళ్లు చిన్న. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి భిలాయిలోని క్యాంప్ 2 బస్తీలో స్థిరపడితే ఇతను అక్కడే పుట్టాడు. డిసెంబరు రెండో ఆదివారం పొద్దున్నే అతని స్కూటర్ వెనక కూర్చుని జలాశయానికి చేరాను. తలకు పసుపుపచ్చ హెల్మెట్, కాళ్లకు స్టీలు ముక్కు సేఫ్టీ బూట్లు. ఫీల్డు డ్యూటీ అంటే హెల్మెట్ తప్పనిసరి అని ముప్పై ఐదేళ్లుగా అందరికీ చెప్పినవాణ్ని, నేనే తీసేస్తే ఎలా? గట్టు దిగి నాలుగడుగులు వేశానో లేదో దగ్గర్లో ఉన్న కొంగలన్నీ లేచిపోయాయి.

"సార్, ఆ టోపీ ఒగ్గీయండి. నెత్తి మీద బాతులేటి పడిపోతాయా?" అన్నాడు అప్పలనాయుడు.

తీసి సంచిలో పెట్టాను. ఈలోగా ఎడమ బూటు బురదలో దిగబడింది. దాన్ని పైకి లాగడానికి ఇద్దరం కాసేపు కష్టపడ్డాం. ఈ సంగతి నివేదికలో రాయలేదు.

తెల్లవారుజామున బాతులు ఉత్తరపు పాయలో, సింగాడా తీగల మధ్య ఉన్నాయి. సింగాడా అంటే నీటి మీద తేలే తీగకు కాసే ముళ్లకాయ. ఉడకబెడితే తియ్యగా ఉంటుంది. చేతిలో నొక్కుడు లెక్కమీటరు పట్టుకుని ఒక్కో బాతుకూ ఒక్కో నొక్కు నొక్కాను. ఎండ ఎక్కాక చూస్తే దక్షిణాన లోతు నీటి మీద బోలెడు బాతులు. అవీ లెక్కపెట్టాను. అప్పుడు ఉత్తరపు పాయ ఖాళీగా ఉంది. ఆ గడిలో 'నిల్' అని రాశాను. సాయంత్రం తూర్పు బురదలో మరిన్ని. చోటు వేరు కాబట్టి బాతులూ వేరే అని నా తర్కం. ఉత్తరపు పాయ ఎందుకు ఖాళీ అయిందన్న ప్రశ్న నాకు రాలేదు. మిల్లు ఖాళీ అయితే సరుకు వ్యాగన్‌లోకి వెళ్లిందని సంతోషించే అలవాటు మాది.

ఇంతటితో ఆగినా కొంత పరువు దక్కేది. రిమార్కుల గడి ఊరికే వదలడం నా చేత కాదు. ఒక మగ బాతుకు ఎడమ రెక్క కిందికి వేలాడుతూ, అందులో ఒక తెల్ల ఈక బయటికి పొడుచుకుని ఉంది. ఎ షిఫ్టు కింద 'ఒకటి, ఎడమ రెక్క లోపం' అని రాశాను. బి షిఫ్టులోనూ అలాంటిదే ఒకటి కనబడింది. సి షిఫ్టులోనూ. మూడు షిఫ్టుల్లో ఒకే లోపం వరసగా వస్తే మిల్లులో దానికి మూలం వెతకాలి. నేను అలాగే 'లోపం పునరావృతమవుతోంది, పశువైద్యుల దృష్టికి తేవాలి' అని సిఫారసు కూడా చేశాను.

సోమవారం నివేదిక వెళ్లింది. మొత్తం గడిలో అంకె చూసి పెద్దాయన లేచి నిలబడి చెయ్యి కలిపారు. చుట్టుపక్కల ఏ చెరువుకూ ఇన్ని పక్షులు రాలేదట. నా రిటైర్మెంటు సభలో ప్రశంసాపత్రం చదువుతామన్నారు. గురువారం కమిటీ ఆర్డరు వేసింది. ఇంత అపారమైన పక్షి సంపద దృష్ట్యా, వచ్చే సోమవారం నుంచి ఉత్తరపు పాయలోకి పడవలు నిషేధం. ఆ ఆర్డరులో 'అపారమైన' అన్న మాటను నేను రెండుసార్లు చదువుకున్నాను.

శనివారం ఆ నిషేధం బోర్డు పాతించడానికి ఉత్తరపు పాయకు వెళ్లాం. అక్కడ సుఖ్‌బతి అనే ఆవిడ చిన్న పడవలో కూర్చుని కాయలు కోస్తోంది. యాభై దాటిన మనిషి. ఉత్తరపు పాయలో సింగాడా వేసేవాళ్లలో ఆవిడదే పెద్ద మడి. అప్పలనాయుడు బోర్డు చదివి చెప్పాడు. ఆవిడ పడవ గట్టుకు తెచ్చి, ఇంకొక్క కోత మిగిలింది సాహెబ్, ఈ వారమే కోయాలి, పండిన కాయ తీగ మీద ఆగదు, ఊడి అడుగు బురదలో పడుతుంది అంది. నేను జాలిగా తలూపి, పక్షులు ఎన్ని వచ్చాయో నీకు తెలియదమ్మా అని మొత్తం గడిలోని అంకె చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. పొద్దున్న ఇక్కడ మేస్తాయి, ఎండెక్కితే అటు పోతాయి, పొద్దు వాలితే తూర్పుకు పోతాయి అని వేలితో చూపించింది. "ఓహీ మన్ తో హే, సాహెబ్," అంది. అవే కదా అని.

రుజువేమిటి అన్నాను. పట్టాకైతే ముద్ర ఉంటుంది, బాతుకు ఏముంది? ఆవిడ తీగల వైపు చూపించింది. వేలాడే ఎడమ రెక్క, తెల్ల ఈక. మూడేళ్లుగా ఇదే వస్తోందని చెప్పింది.

అప్పలనాయుడు నా చేతిలోని రిజిస్టరు వైపు చూసి, గొంతు తగ్గించి, "సార్, మన రిమార్కులో మూడుసార్లు రాసీసినాం కదా. ఆ ఒక్కటేనేటి అది?" అన్నాడు.

అక్కడే నాకు అంతా తెలిసిపోయింది. ఆ క్షణాన పెద్దాయనకు ఫోన్ చెయ్యాలి. జేబులో ఫోన్ ఉంది, సిగ్నల్ కూడా ఉంది. నేను మాత్రం, చూద్దాం, ఆఫీసులో మాట్లాడతాను అని సుఖ్‌బతికి చెప్పి స్కూటర్ ఎక్కాను. బోర్డు మాత్రం పాతే వచ్చాం.

ఆదివారం అంతా నెహ్రూ నగర్‌లో ఇంట్లో కూర్చుని, తప్పు ఒప్పుకోకుండా తప్పు దిద్దే పద్ధతి ఏదైనా ఉందేమోనని వెతికాను. 'ప్రాథమిక అంచనా' అన్న మాట చేర్చవచ్చా? 'సంచిత వీక్షణలు' అంటే బాగుంటుందా? సోమవారం ఆఫీసులో అవే మాటలు మార్చి మార్చి రాశాను. ఆ రోజు నుంచే పడవలు ఆగిపోయాయి. ముప్పై ఐదేళ్లలో ఒక్క తప్పు ముద్రా వేయని మనిషి అని నా గురించి సభలో చదువుతారు. ఆ ఒక్క వాక్యం పోతుందని నా భయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం ఇదే.

సోమవారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ సంగతి రాబట్టింది. మిల్లులో ఎవరైనా కుర్రాడు పొరపాటున ముద్ర వేస్తే ఏం చేసేవారని అడిగింది. ముద్ర వేసినవాడే తన చేత్తో తప్పని రాసి, పట్టా వ్యాగన్ ఎక్కినా సరే దింపించాలి, అది నియమం అన్నాను.

"మరి ఆ కుర్రాళ్లకి ఎంత టైమిచ్చేవారేటండీ?"

ఒక గంట. నేను గడియారం చూసుకుంటూ పక్కనే నిలబడేవాణ్ని.

మంగళవారం పొద్దున్న నా చేత్తో రాసిన సవరణ పత్రం పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఒకే బాతుల్ని మూడుసార్లు లెక్కపెట్టాను, తప్పు పూర్తిగా నాది అని రాశాను. ఆయన చదివారు. తిట్టలేదు. శనివారమే ఫోన్ చేసి ఉంటే కమిటీకి చెప్పి సోమవారం లోపే ఆర్డరు ఆపించేవాణ్ని కదా రావుగారూ, ఇప్పుడు మళ్లీ లెక్క తియ్యాలి, కమిటీ మళ్లీ కూర్చోవాలి అన్నారు.

బుధవారం తెల్లవారుజామున మూడు చోట్లా ఒకే సమయంలో లెక్క తీశాం. తూర్పున అప్పలనాయుడు, దక్షిణాన నేను, ఉత్తరాన గట్టు మీద సుఖ్‌బతి. పడవ ఎక్కకూడదు కాబట్టి ఆవిడ తన మడి పక్కనే గట్టు మీద కూర్చుని నాలుగేసి చొప్పున లెక్కపెట్టింది. మా వైపు పుంజీలు అంటాం, అదే పద్ధతి. మొదటి రోజు అదే పాయలో నా లెక్కమీటరుకు పట్టినంత సేపు పట్టలేదు. మొత్తం మొదటి అంకెలో మూడోవంతుకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. కమిటీ శుక్రవారం కూర్చుని నిషేధం ఎత్తేసింది. శనివారం పడవలు దిగాయి.

నేనూ వెళ్లాను. సుఖ్‌బతి తీగ ఎత్తి చూపించింది. ఆకుల కింద చాలావరకు తొడిమలే ఉన్నాయి. పడవ మధ్యలో ఉన్న బుట్ట సగం కూడా నిండలేదు. మిగిలినవి ఏవి అని అడగబోయి, అడుగు బురద సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. సవరణ పత్రం రాసినందుకు ఆవిడ నాకు దండం పెట్టింది. శనివారం నుంచి మంగళవారం దాకా నేనేం చేశానో ఆవిడకు తెలియదు. అది చెప్పి క్షమించమన్నాను. ఆవిడ తీగ వదిలేసి, తర్వాతి తీగ ఎత్తింది.

రిటైర్మెంటు సభలో ఆ వాక్యం చదవలేదు. చదివి ఉంటే తల ఎత్తలేకపోయేవాణ్ని. ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. లెక్క తప్పినందువల్ల ఎవరికీ ఏమీ పోలేదు, శనివారం నాటికి దాన్ని దిద్దే వీలుంది. సుఖ్‌బతి పంట పోయింది నేను నోరు మూసుకున్న ఆ మూడు రోజుల వల్ల.