బాపు మోకాలికి కాపడం

ఆ ఏడాది వేడి అన్న మాటంటేనే నాకు వణుకు. కరోనా రెండోసారి సూరత్ మీద పడ్డ రోజులవి. పొద్దున లేవగానే బాపు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. తర్వాత నా నుదుటి మీద. తర్వాత థర్మామీటరు. అది చూపించింది నమ్మక మళ్ళీ చెయ్యి. "నా నెత్తి అరిగిపోతది బిడ్డా," అని మా నాన్న నవ్వేవాడు. నుదురు చల్లగానే ఉండేది. నేను చూడవలసిన చోటు అది కాదని నాకు తెలియదు.

వేడి మోకాలిలో ఉంది. కుడి మోకాలు.

మా బాపు ముప్పై ఏళ్లుగా సూరత్‌లో బమ్రోలి చుట్టుపక్కల కార్ఖానాల్లో సాంచాల మధ్యే బతికాడు. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. మొదట నేశాడు, తర్వాత చెడిపోయిన సాంచాలను బాగుచేసే మాస్టర్ అయ్యాడు. ఏ పనైనా పన్నెండు గంటలు నిలబడాల్సిందే, సిమెంటు నేల మీద వరసల మధ్య తిరగాల్సిందే. ఆ మోతకు చెవులు సగం పోయాయి. నేను పిలిస్తే మూడోసారికి పలుకుతాడు గానీ, అంత మోతలోనూ ఒక బేరింగు గరగరలాడితే లేచి నిలబడతాడు. నేను దానికంటే గట్టిగానే అరుస్తానని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

మోకాలు నొప్పి కొత్తది కాదు. గుజ్జు అరిగిందని ఎవరో ఎప్పుడో అన్నారు, బాపు ఆ మాట పట్టుకున్నాడు. అరిగిందంటే ఆయనకు అర్థమయ్యేది ఒక్కటే. నూనె అయిపోయింది. నూనె ఎండిన బేరింగు వేడెక్కుతుంది. దానికి నూనె పోసి, మెల్లగా తిప్పుతూనే ఉండాలి. ఆపితే పట్టేస్తుంది, మళ్ళీ కదలదు. సాంచాకు ముప్పై ఏళ్లు చేసిన వైద్యమే మోకాలికీ మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే ఆవనూనె వేడి చేసి నేను మర్దన చేయాలి. పెనం మీద దొడ్డుప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టాలి. ఆ పైన చీర అంచు పీలికలతో గట్టిగా బిగించి కట్టాలి. తర్వాత ఆయన గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు యాభై సార్లు నడుస్తాడు.

"ఇంక జర వేడిగ పెట్టు," అనేవాడు.

పెట్టేదాన్ని. చర్మం ఎర్రబడేదాకా పెట్టేదాన్ని. ఈ చేతులతోనే.

పదిరోజులకు మోకాలు రెట్టింపయింది. చిప్ప ఎక్కడుందో కనబడలేదు. వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టుండేది. అప్పుడు కూడా మాకు బుద్ధి రాలేదు. వేడి చాలడం లేదేమోనని మూట పెద్దది చేశాం.

ఒకరోజు మధ్యాహ్నం బాపు కార్ఖానా నుంచి షిఫ్టు సగంలోనే వచ్చేశాడు. రెండో అంతస్తులో ఉన్న మా గదికి మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కాడు. లోపలికి రాగానే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. థర్మామీటరు పెట్టాను. తొంభై తొమ్మిది దాటింది. కిటికీలోంచి అంబులెన్స్ కూత వినబడితే అది మా ఇంటికే వస్తోందని పరిగెత్తుకెళ్ళి కిటికీ మూశాను. మూస్తే రాదన్నట్టు!

మా వాడకట్టులో టిఫిన్ సెంటర్ నడిపే అక్క దగ్గర ఒక తెలుగు డాక్టరమ్మ నంబరు ఉంది. కోస్తా వైపు ఆమె, దగ్గరలోనే చిన్న క్లినిక్. ఫోన్ చేశాను. దగ్గు ఉందా, ఆయాసం ఉందా, ఆక్సిజన్ ఎంత అని అడిగింది. ఏమీ లేవు, ఆక్సిజన్ బాగానే ఉంది అన్నాను. మోకాలి సంగతి చెప్పాను. ఆమె గొంతు మారింది.

"ఎర్రగా ఉందా? ముట్టుకుంటే కాలుతోందా?"

"ఉంది మేడం. కానీ అది మేం పెట్టిన కాపడం వల్లనో ఏమో..."

"ఇవాళే తీసుకురండి. కీలు లోపల చీము పట్టిందేమో చూడాలి. అదే అయితే ఆలస్యం చెయ్యకూడదు. కాలికే కాదు, ప్రాణానికీ ప్రమాదం."

ఫోన్ పెట్టేసి చూస్తే బాపు నా వైపే చూస్తున్నాడు. ఆయన చెవులు అప్పుడు మాత్రం బాగా పనిచేశాయి.

"నేను రాను," అన్నాడు.

రానంటాడని నాకు తెలుసు. అంతకుముందు ఏడాది, మొదటిసారి కరోనా వచ్చినప్పుడు, మా అమ్మ తన కాళ్ళ మీద తనే మెట్లు దిగి అంబులెన్స్ ఎక్కింది. తువ్వాల, నీళ్ళ సీసా పట్టుకుని. వెంట ఎవరినీ రానివ్వలేదు. తొమ్మిదో రోజు దూరం నుంచి ఒక మూటను చూపించి, ఆమే అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆసుపత్రి అనే మాట ఎవరం ఎత్తలేదు.

"అది దవాఖాన కాదు బాపూ, చిన్న క్లినిక్. పోయిన తలుపులోంచే బయటికొస్తాం."

"నాకేం గాలే. రేపటికి తగ్గుతది. మూట వేడిజెయ్యి."

"చెయ్యను."

"ఏంది?"

"చెయ్యను అన్న! ఇన్ని రోజులు చేసిన. నీ కాలు నేనే ఉడకబెట్టినట్టున్న." నాకు ఏడుపు ఆగలేదు. ఉప్పుతో ఉన్న పెనం తీసి సింకులో పడేశాను. ఇల్లంతా ఉప్పు చెల్లాచెదురయింది. బాపు చాలాసేపు ఆ ఉప్పు వైపే చూశాడు. ఆ తర్వాత చొక్కా అడిగాడు.

ఆటోలో నేను మనసులో మొక్కని దేవుడు లేడు. చీము రావద్దు, చీము రావద్దు అనుకుంటూనే ఉన్నాను. కాలు తీసేస్తారేమో, తీసేస్తే రెండో అంతస్తు ఎలా ఎక్కుతాడు, అసలు ఇంటికి వస్తాడా... ఇదే నా లెక్క.

డాక్టరమ్మ ముక్కూ మూతీ కప్పుకుని, పైన ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని ఉంది. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, ఆ కళ్ళను బట్టే అంతా ఊహించుకోవాలి. ముందు ముక్కులో పుల్ల పెట్టి కరోనా పరీక్ష చేసింది. లేదని తేలింది. తర్వాత మోకాలు శుభ్రంగా తుడిచి మందు పూసి, లావు సూది తీసింది.

"బాబాయ్, లోపలున్న నీళ్ళు తీసి చూస్తాను. చిక్కగా, తెల్లగా వస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. తేటగా వస్తే భయం లేదు."

బాపు తల ఊపాడు. సూది దిగింది. నేను గోడకు ఆనుకుని ఆ సిరంజి గొట్టాన్నే చూశాను. మొదట ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. పసుప్పచ్చగా, పల్లినూనెలా తేటగా. అవతల అక్షరాలు కనబడేంత తేటగా.

"హమ్మయ్య," అంది డాక్టరమ్మ. నా ప్రాణం లేచొచ్చింది.

ఆమె ఓపికగా చెప్పింది. గుజ్జు అరగడం నిజమే, కానీ కథ అంతటితో అయిపోదట. కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. అరిగి రాలిన తునకలను చూసి ఆ పొర ఎవరో శత్రువు దూరాడనుకుంటుంది. ఉబ్బిపోతుంది, వేడెక్కుతుంది, నీళ్ళు నింపుతుంది. ఆ పోరులో అది వదిలే రసాలు మిగిలిన గుజ్జును కూడా తింటాయి. అరుగుదల వాపును రేపుతుంది, వాపు అరుగుదలను పెంచుతుంది.

"ఎండిపోయింది కాదు బాబాయ్, మంట పట్టింది. మంట మీద ఉప్పుమూట పెట్టి, పైన బిగించి కట్టి, నడిచారు. ఇప్పుడు ఐస్ పెట్టండి. కొన్నాళ్ళు కార్ఖానాకు వెళ్ళొద్దు. వాపు తగ్గాక తొడకు వ్యాయామం చెబుతాను, కొంచెం కొంచెం నడవొచ్చు."

"జ్వరం?" అని అడిగాను.

"ఈ ఎండలో దుప్పటి కప్పుకుంటే ఎవరికైనా వస్తుంది. అయినా నీళ్ళు పరీక్షకు పంపుతున్నాను."

రెండు రోజులకు పరీక్ష ఫలితం కూడా మంచిగానే వచ్చింది. వారానికి మోకాలి చిప్ప మళ్ళీ కనబడింది. టిఫిన్ సెంటర్ అక్కకు ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను. గండం గడిచిందనే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున తడిగుడ్డలో ఐస్ చుట్టి పెడుతుంటే బాపు అన్నాడు. "బిడ్డా, ఒక మాట చెప్త. కోపం జెయ్యకు."

"చెప్పు."

"ఆ మేడం సూది గుచ్చినప్పుడు... చీమొస్తే మంచిగుంటది అనుకున్న."

నాకు అర్థం కాలేదు. "ఎందుకు?"

"గట్లయితే దవాఖానకు పంపుతుండె. మీ అమ్మ పోయినట్టు నేను గూడ పోతుంటి."

నేను గోడకు ఆనుకుని ముక్కోటి దేవుళ్ళకు మొక్కుతున్నప్పుడు, అదే గదిలో, అదే సిరంజిని చూస్తూ, ఆయన దానికి ఎదురు మొక్కుకున్నాడన్నమాట. ఒళ్ళంతా చల్లబడింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"మరి నేను?" అని అరిచాను. "నేనొక్కదాన్ని ఏం గావాలె బాపూ?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను అక్కడున్నానని అప్పుడే కనబడినట్టు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు యాదికి రాలేదు బిడ్డా," అన్నాడు.

అబద్ధం చెప్పినా బాగుండేది. ఆయనకు అబద్ధం చేతకాదు. కరుగుతున్న ఐస్ నీళ్ళు ఆయన పిక్క మీదుగా కారుతుంటే తుడుస్తూ కూర్చున్నాను, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. ట్యూషన్ పిల్లలకు అప్పట్లో ఫోన్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఆ రోజు నుంచి బాపు మంచం మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "బాపూ," అని పిలుస్తాను. మూడోసారికి గానీ పలకడు. ఆ మూడోసారి దాకా నాకు ఊపిరి ఆడదు.