చప్పుడు షెడ్డుకు తమ్ముడితో

సంగారెడ్డి బస్టాండులో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే, పటాన్‌చెరు దాటి బీరంగూడ స్టేజీ దగ్గర దిగేసరికి ఎనిమిది కావచ్చేది. డెబ్బైల మొదట్లో సంగతి ఇది. ఆ దారి ఇప్పుడు గుర్తుపట్టలేనంత మారింది. అయినా చెవులు వినపడని మనిషిని వెంటబెట్టుకుని పని వెతుక్కుంటూ పోయేవాళ్ళు ఇప్పటికీ ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని ఆ ఒక్కరోజు ప్రయాణం రాస్తున్నాను.

నా తమ్ముడు నర్సింలు నాకన్నా పదేళ్ళు చిన్న. రెండో ఏట జ్వరమొచ్చి చెవులు పోయాయి. చెవులు పోయాయి గానీ మాట పోలేదు. మా అమ్మా వాడూ కలిసి చేతులతో ఒక భాష కట్టుకున్నారు. బొటనవేలు పెదవికి తగిలిస్తే నీళ్ళు. రెండు చేతులు నెత్తి మీద కొమ్ముల్లా పెడితే బర్రె. ఇంట్లో మనుషులందరికీ గుర్తులుండేవి. అమ్మకు ముక్కుపుడక, నాయనకు మీసం, నాకు చెవి వెనక పెన్సిలు. నర్సింలుకు గుర్తు, చెవి మీద మూసిన అరచెయ్యి.

నేను బడి ముఖం చూడలేదు. ఉప్పూ పప్పుల పుడాలు కట్టిన పేపరు ముక్కల మీద తెలుగు, దుకాణాల బోర్డుల మీద ఉర్దూ నేర్చుకున్నాను. కాబట్టి భాష ఎట్లా వస్తుందో ఎవరూ నాకు పాఠం చెప్పక్కర్లేదు. ఎదురుగా మనిషి ఉండి, ఆ మనిషితో మనకు పని పడితే వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియని పెద్దమనుషులు అరవైలలో నగరంలో ఒక బడి నడిపేవారు. చెవిటి పిల్లలకు నోటి మాట నేర్పుతామన్నారు. నమ్మి చేర్పించాం. పిల్లవాడి పెదవుల ముందు కాగితం ముక్క పట్టుకుని, ‘ప’ అంటే అది ఊగాలన్నారు. అంతసేపూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. చెయ్యి పైకి తీస్తే స్కేలు దెబ్బ. చేతులతో మాట్లాడితే నోరు బద్ధకిస్తుందని వాళ్ళ శాస్త్రం. ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చిన నర్సింలుకు ‘అప్ప’ అనే ఒక్క కూత వచ్చింది. మా అమ్మ బొటనవేలు పెదవికి తగిలించి నీళ్ళు కావాలా అని అడిగితే, వాడు చుట్టూ చూసి, చేతులు తొడల కిందికి తోసుకున్నాడు. అమ్మ మళ్ళీ పంపలేదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత వాడు నా కిరాయి సైకిళ్ళ దుకాణంలోనే పెరిగాడు. పంక్చర్లు వేసేవాడు, వంకరపోయిన చక్రం సరిచేసేవాడు. బేరమంతా నాది. అమ్మ పోయాక ఆ దుకాణం మీద రెండు సంసారాలు నిలబడవని తేలిపోయింది. వాడికి సొంత పని దొరక్కపోతే వాడికంటూ ఒక ఇల్లు ఉండదు. అప్పుడే సైకిలు కిరాయికి వచ్చిన ఒక గిరాకీ చెప్పాడు, బీరంగూడ వైపు ఒక రేకుల షెడ్డులో కాల్చిన ఇనుమును పెద్ద మిషను సుత్తెతో సాగగొడతారని, అక్కడ మనుషులు నిలవడం లేదని. ఎందుకు నిలవడం లేదని అడిగాను. “చప్పుడు, అన్నా. చెవులు పగుల్తయి” అన్నాడు. ఆ మర్నాడే బయలుదేరాం.

పోయేటప్పుడు బస్సులో కుడివైపు కూర్చోవడం మేలు. పొద్దుటి ఎండ ఎడమవైపు కొడుతుంది. మా ఆవిడ కట్టిన జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు నా సంచిలో ఉన్నాయి. నర్సింలు నాతో చేతులతో ఆగకుండా మాట్లాడుతున్నాడు. షెడ్డులో ఇనుము ఎంత లావు ఉంటుంది, ఎట్లా ఎత్తుతారు అని. ముందు సీటులోని ఒకావిడ, కోస్తా నుంచి వచ్చి ఇక్కడి కాలనీలో ఉంటున్న మనిషి, వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది.

“పాపం, బాబుకి మాట రాదాండీ?”

“మాట వస్తదమ్మా. చెవులే రావు.”

“మాట వస్తే మాట్లాడడేం మరి?”

“ఎక్కినకాడి నుంచి మాట్లాడుతనే ఉన్నడు. మీకే ఇనపడుత లేదు.”

ఆవిడ నవ్విందో కోపం తెచ్చుకుందో తెలియలేదు, ముందుకు తిరిగింది. కాస్సేపటికి మళ్ళీ తిరిగి నర్సింలు చేతిలో ఒక అరటిపండు పెట్టింది. వాడు నుదుటికి చెయ్యి తాకించాడు. అది మాత్రం ఆవిడకు అర్థమైంది.

స్టేజీ దగ్గర దిగి మట్టిరోడ్డు వెంట నడిస్తే షెడ్డు కనపడకముందే కాళ్ళ కింద నేల అదిరింది. నర్సింలు ఆగిపోయి, అరికాలు నేలకు ఆనించి, నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. షెడ్డుకు ఎదురుగా చాయ్ హోటలు ఉంది. వేడి పోవడానికి షెడ్డు గోడలు నడుమెత్తే కట్టారు గనుక, హోటలు బెంచీ మీద కూర్చుంటే లోపల పనంతా కనపడుతుంది. నేను చాయ్ తాగి, వాడికి తాగించి, ఫోర్‌మన్ దగ్గరికి తీసుకుపోయాను. సుబ్బారావు గారని, కృష్ణా జిల్లా మనిషి. జారిపోతున్న పాంటును నిమిషానికోసారి పైకి లాక్కుంటున్నారు.

“చెవిటివాణ్ణి తెచ్చావేంటయ్యా? ఇక్కడ ప్రాణాలతో పని. వెనక నుంచి కేకేస్తే తప్పుకోవద్దూ?”

“మీరు కేకేస్తే ఇనేటోళ్ళు ఈ షెడ్డుల ఎవలున్నరు సారూ? ఇప్పుడు నేను చెప్తున్నది మీకే సగం ఇనపడుత లేదు.”

నిజంగానే ఆయన చెవి నా నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డారు. లోపలికి చూపించాను. ఆ పది పన్నెండు మందిలో ఎవడి నోరూ కదలడం లేదు. మన దిక్కు వాళ్ళు, కోస్తావాళ్ళు, బీహారు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. బయట చాయ్ దగ్గర ఒకరి మాట ఒకరికి సరిగా తెలియదు. లోపల మాత్రం అందరూ చేతులతో చెప్పుకుంటున్నారు. పిడికిలి అరచేతిలో కొడితే గట్టి దెబ్బ, ఒక వేలు కొడితే మెల్లగా, అరచెయ్యి పైకెత్తితే ఆపు. ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదట. నగరంలో బడి పెట్టిన పెద్దమనుషులను ఈ బెంచీ మీద ఒక గంట కూర్చోబెట్టాలని ఉండింది నాకు.

సుబ్బారావు గారు పాంటు లాక్కుని ఆలోచించారు. “సరే. ఈ షిఫ్టు చూస్తాను. కుదరకపోతే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కొద్దు. ఇంకోటి, నువ్వు గేటు బయటే ఉండాలి. రోజూ నువ్వొచ్చి చెబుతావా ఏంటి?”

నర్సింలును ఖాసిం భాయి అనే పాత పనివాడి దగ్గర పెట్టారు. సుత్తె కింద ఇనుప కడ్డీకి ఒక కొసన ఖాసిం భాయి పట్టుకారు వేసి పట్టుకుంటాడు. రెండో కొస ఇంకొకరు పట్టుకుని, ఆయన చెయ్యి చెప్పినప్పుడు తిప్పాలి. నిప్పురవ్వలు పడతాయని తలకు గుడ్డ కట్టుకోమంటే, నర్సింలు తన ఎర్ర తువ్వాలు చుట్టి, కొస ఒకటి భుజం మీదికి వదిలేశాడు.

నేను హోటలు బెంచీ మీద కూర్చున్నాను. ఖాసిం భాయి చెయ్యి ఊపినప్పుడల్లా నర్సింలు నా వైపు చూశాడు. నేను ఊరుకోలేను కదా. ఆ గుర్తును మా ఇంటి గుర్తులోకి మార్చి చూపించాను. వాడు అప్పుడు తిప్పాడు. రెండుసార్లు బాగానే జరిగింది. మూడోసారి వాడు నా చేతిని చూసి తిప్పేలోపల దెబ్బ పడింది. కడ్డీ పట్టుకారులోంచి జారి, ఎర్రగా కాలుతూ ఖాసిం భాయి కాళ్ళ ముందు పడింది. సుత్తె ఆగిపోయింది. సుబ్బారావు గారు లోపలినుంచి నన్ను చూసి తల అడ్డంగా ఊపారు.

ఖాసిం భాయి చెమట తుడుచుకుంటూ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది.

“భయ్యా, నువ్వు జెర ఈడి నుంచి పో.”

“నేను సూపెడితేనే వానికి సమజైతది. చిన్నప్పటి సంది నేనే...”

“నువ్వు సూపెడుతున్నవ్ గనుకనే సమజైత లేదు. ఇనుము నా దగ్గరుంది. వాని కన్ను నీ దగ్గరుంది. ఎవని చెయ్యి కాలాలె, చెప్పు.”

వేలు చూపించి గట్టిగానే తగులుకున్నాను. వాడి సంగతి నీకేం తెలుసన్నాను. వాడితో మాట్లాడ్డం నాలుగు గుర్తులతో అయ్యే పని కాదన్నాను. ఆయన అన్నీ విని, “నా చేతి జబాన్ వానికి నేనే నేర్పుకుంట. సాయంత్రం ఐదింటికి రా” అని లోపలికి పోయాడు. నేను అక్కడే ఉంటే వాడు నా వైపే చూస్తాడు, వాడి పని పోతుంది. సంచీ భుజాన వేసుకుని కదిలాను. వెనక్కి తిరిగి చూస్తే, నర్సింలు షెడ్డులోంచి నన్నే చూస్తున్నాడు. చేతులు లేపకుండా నడిచాను. పదేళ్ళుగా దుకాణంలో వాడికి కనపడకుండా నేను ఒక పూట గడిపింది లేదు.

బీరంగూడ గుట్ట ఎక్కాను. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. గుడి మెట్ల మీద నీడ చూసుకుని కూర్చుని సంచి విప్పితే రొట్టెలు ఇద్దరివీ నా దగ్గరే ఉన్నాయి. తిరిగి పోయి ఇద్దామంటే వాడి కన్ను మళ్ళీ నా మీద పడుతుంది. నా వాటా కూడా మళ్ళీ మూటగట్టాను. కింద కొత్త కాలనీ కట్టడాలు, పెద్ద కర్మాగారం పొగగొట్టాలు, బొంబాయి రోడ్డు మీద లారీలు కనపడుతున్నాయి. సుత్తె చప్పుడు అంత దూరానికీ సన్నగా వస్తూనే ఉంది. ఆగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. మళ్ళీ మొదలైతే కూర్చున్నాను. మధ్యాహ్నం తర్వాత చాలాసేపు ఆగకుండా మోగింది.

ఐదింటికి గేటు దగ్గరికి పోయాను. అందరూ ముఖాలు కడుక్కుంటున్నారు. నర్సింలు మసిపట్టి, కళ్ళు మాత్రం తెల్లగా, వచ్చి నిలబడ్డాడు. చేతులకు ఎక్కడా కాలిన గుర్తు లేదు, ముందు అదే చూశాను. రొట్టెలు చూపిస్తే వద్దని చెయ్యి ఊపి, పిడికిలి మీద వేలితో తట్టి చూపించాడు. నాకు తెలియని గుర్తు.

“అండా, కోడిగుడ్డు” అన్నాడు వెనక వస్తున్న ఖాసిం భాయి. “నా డబ్బల రెండుండె. ఒకటి నీ తమ్ముడు గుంజుకున్నడు.”

“పని సంగతి చెప్పు భాయి.”

“మొదటి గంట పరేషాన్ చేసిండు. అటు ఇటు నిన్నే దేవులాడిండు. తర్వాత నా చెయ్యి తప్ప దిక్కు లేదని తెలిసింది. ఇగ చూడు, బిడ్డ నాకే ఎదురు చెప్పుడు మొదలుపెట్టిండు. కడ్డీ చల్లబడ్డది, మళ్ళ కొలిమిల పెట్టుమని.”

సుబ్బారావు గారు పాంటు లాక్కుంటూ వచ్చారు. “రేపు ఎనిమిదింటికల్లా రమ్మను. ఒక్కడే రావాలి” అన్నారు.

ఐదున్నర బస్సు దొరికింది. సాయంత్రం కూడా ఎండ ఎడమవైపే. మామూలు ప్రయాణికులు కుడివైపు కూర్చోవాలి. మేము ఎడమవైపు ఎండలోనే కూర్చున్నాం, ఎందుకంటే చేతుల మీద వెలుతురు లేకపోతే మాకు మాట లేదు. నర్సింలు రోజంతా చెప్పుకొచ్చాడు. సగం నాకు అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాణ్ణి నేను, ఏమిటది అని అడగాల్సి వచ్చింది. వాడు విసుక్కోలేదు. నా మణికట్టు పట్టుకుని, నా చేత చేయించి, మళ్ళీ చూపించాడు.

నడుము దగ్గర రెండు చేతులతో పైకి లాక్కోవడం, సుబ్బారావు గారు. గడ్డం దువ్వడం, ఖాసిం భాయి. వేలు గాలిలో ఆడించి బెదిరించడం ఒకటుంది. ఇదెవరు అని అడిగాను. నా రొమ్ము మీద వేలు పెట్టాడు. నేను ఎప్పుడు వేలు ఆడించానని అడగబోయి, అప్పటికే నా వేలు గాలిలో ఉండటం చూసుకుని దించేశాను. వాడు సీటు మీద పడి నవ్వాడు.

తర్వాత ఇంకొకటి చూపించాడు. చెయ్యి తల చుట్టూ ఒకసారి తిప్పి, భుజం మీదికి జారవిడవడం. రెండుసార్లు చూపించాడు. నాకు తోచలేదు. చివరికి తన రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. తలకు చుట్టిన తువ్వాలు, భుజం మీదికి వదిలిన కొస. షెడ్డులో వాడి పేరది.

నా మట్టుకు నాకు ఆ రోజు తేలింది ఇదే. భాష నేర్పాలంటే స్కేలు, కాగితం ముక్క, శాస్త్రం అక్కర్లేదు. ఎదురుగా ఒక మనిషి, మధ్యలో ఒక పని ఉండాలి. మధ్యలో మూడోవాడు ఉండకూడదు, వాడు అన్నయినా సరే.

సంగారెడ్డిలో దిగేసరికి ఇంకా వెలుతురుంది. బస్టాండు ముందు సోడా బండి మాణిక్యం మమ్మల్ని చూసి అడిగాడు.

“ఏమాయెనే, మూగోనికి నౌకరి దొరికిందా?”

“దొరికింది. మూగోడంటవేంది? ఆయన పేరు గిది” అని, చెయ్యి తల చుట్టూ తిప్పి భుజం మీదికి వదిలాను.

మాణిక్యం వింతగా చూసి, సోడా సీసా కింద పెట్టి, తానూ చేశాడు. చెయ్యి అటునుంచి ఇటు తిప్పాడు, కొస వదలడం మరిచిపోయాడు. నర్సింలు బండి దగ్గరికి పోయి, అతని మణికట్టు పట్టుకుని, మెల్లగా సరైన వైపు తిప్పి చూపించాడు.